వెల్లకిలా పడుకున్న కుందేలు

పెంపుడు కుందేలును ఒళ్లో వెల్లకిలా తిప్పి పొట్ట నిమిరితే చాలాసార్లు అది ఉన్నట్టుండి కదలడం మానేస్తుంది. కాళ్లు గాలిలోనే ఉండిపోతాయి, కళ్లు తెరుచుకునే ఉంటాయి. చూసేవాళ్లకు ముచ్చటేస్తుంది. "ఎంత సుకంగా తొంగుందో సూడు" అంటూ ఫోనులో వీడియో తీస్తారు. పిల్లలైతే మళ్లీ మళ్లీ అలాగే తిప్పుతారు.

ఆ కుందేలు నిజంగా సుఖపడుతోందా అన్నది బ్రిటన్‌లో ఆన్ మెక్‌బ్రైడ్ అనే జంతు ప్రవర్తన నిపుణురాలు, ఆమె సహచరులు పరీక్షించి చూశారు. 2006లో వాళ్లు ప్రకటించిన ఫలితం పెంపకందార్లకు మింగుడుపడనిది. అలా బిగుసుకుపోయిన కుందేలు శరీరంలో కనిపించినవి భయం తాలూకు లక్షణాలు. వదిలిపెట్టిన తర్వాత కూడా దాని తీరులో ఆ భయం కనిపించింది. నక్క నోటికో కుక్క నోటికో చిక్కి, తప్పించుకునే దారి లేనప్పుడు చచ్చినట్టు పడి ఉండటం కుందేలుకు మిగిలిన ఆఖరి ఉపాయం. శత్రువు పట్టు ఒక్క క్షణం సడలితే పరుగు తీయవచ్చన్న ఆశ ఆ కదలని ఒంట్లో దాగి ఉంటుంది. ఒళ్లో పెట్టుకున్నవాళ్లకు అది నిద్రలా కనిపిస్తుంది.

ఇప్పుడొక ప్రశ్న. ఆ కుందేలును తిప్పిన పాపకు అదంటే ప్రాణం. తన పళ్లెంలోంచి తీసి పెడుతుంది, బడి నుంచి రాగానే ముందు దాని గూడు దగ్గరికే పరిగెడుతుంది. ఆ పిల్ల మనసులో ద్వేషం రవ్వంత కూడా లేదు. అయినా ఆమె చేతిలో ఒక ప్రాణి చావుభయం అనుభవించింది. తెలియక, అదీ ప్రేమతో చేసిన పని హింస అవుతుందా? అవకపోతే కుందేలు పడ్డ భయం ఎవరి ఖాతాలో పడుతుంది?

ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. దీని మీద వాదించుకున్న రెండు మతాలవాళ్లూ ఒకప్పుడు ఉత్తరాంధ్రలోని నెల్లిమర్ల పక్క కొండల మీద ఇరుగుపొరుగుగా ఉన్నారు. నెల్లిమర్ల అనగానే జూట్ మిల్లు, చంపావతి నది, హౌరా-చెన్నై రైలు మార్గం గుర్తొస్తాయి. ఆ మండలంలోనే రామతీర్థం ఉంది. రాముడి గుడికి వెళ్లే భక్తులకు అక్కడి కొండలు పరిచయమే. గురుభక్తుల కొండ మీద బౌద్ధ స్తూపాల, చైత్యాల, విహారాల శిథిలాలున్నాయి. దుర్గకొండ గుహల్లో జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. పదకొండో శతాబ్దం తొలినాళ్లలో వేంగిని ఏలిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలపు శాసనం ఒకటి ఇక్కడ దొరికింది. దేశిగణానికి చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు అనే జైనాచార్యుడు ఈ కొండను భక్తితో దర్శించాడని అందులో ఉంది. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడికి ఈ విమలాదిత్యుడు తండ్రి.

బుద్ధుడి మాటలుగా చెప్పే పాలి గ్రంథం మజ్ఝిమ నికాయంలో ఉపాలి సుత్తం ఉంది. నలందలోని ఒక మామిడితోటలో జరిగిన వాదం అది. ఉపాలి ధనిక గృహస్థు, మహావీరుడి శిష్యుడు. చేత, మాట, తలపు అనే మూడింటిలో ఏది పెద్ద తప్పు అన్నది అక్కడ చర్చ. చేతే పెద్దదని జైనులు, తలపే పెద్దదని బుద్ధుడు. నడిచేటప్పుడు జైన సాధువు కాలి కింద కూడా కంటికి కనిపించని పురుగులు చస్తాయి కదా, దానికి ఫలితమేమిటని బుద్ధుడు అడుగుతాడు. కావాలని చేయలేదు కనుక అది పెద్ద దోషం కాదని మహావీరుడే అంటాడని ఉపాలి ఒప్పుకుంటాడు. కావాలనుకోవడం మనసు పనే కదా అని బుద్ధుడు ముడి బిగిస్తాడు. బౌద్ధుల గ్రంథం గనుక గెలుపు బుద్ధుడిదే. ఆ లెక్కన ఒళ్లో కుందేలును పెట్టుకున్న పాప నిర్దోషి.

వాదం అక్కడితో ఆగలేదు. దిగంబర జైనులు మహావీరుడి తర్వాత అంతటివాడిగా తలచుకునే ఆచార్యుడు కుందకుందుడు. అనంతపురం జిల్లా కొనకొండ్ల ఆయన ఊరని సంప్రదాయం. ఆయన ప్రవచనసారంలో చెప్పిన మాట పదునైనది. ఎదుటి ప్రాణి చచ్చినా బతికినా, ఏమరుపాటుగా ప్రవర్తించినవాడికి హింస తప్పదు. ఒళ్లు దగ్గర పెట్టుకుని మెలిగేవాడి చేతిలో పొరపాటున ప్రాణం పోయినా ఆ దోషం అంటదు. అంటే తూకం వేయాల్సింది ద్వేషాన్నీ కాదు, ఫలితాన్నీ కాదు, చూపిన శ్రద్ధను. బౌద్ధంలోనూ ఇటువైపు మొగ్గిన గొంతు ఉంది. మిలిందపన్హలో గ్రీకు రాజు మినాండర్, తెలిసి తప్పు చేసినవాడిది ఎక్కువ పాపమా, తెలియక చేసినవాడిదా అని అడుగుతాడు. తెలియక చేసినవాడిదే అని బౌద్ధ భిక్షువు నాగసేనుడి జవాబు. ఎర్రగా కాలిన ఇనప గుండును కాలిందని తెలిసి ముట్టుకునేవాడికన్నా, తెలియక గట్టిగా పట్టుకునేవాడికే చెయ్యి ఎక్కువ కాలుతుందని ఆయన పోలిక. ఎడముఖం పెడముఖంగా మొదలైన రెండు మతాలు ఇక్కడ దాదాపు ఒక్క మాట మీదికి వచ్చాయి.

ఈ రెండు మతాల కథల్లోనూ కుందేలు ఉండటం విశేషం. శశ జాతకంలో బోధిసత్త్వుడు కుందేలుగా పుడతాడు. ఉపోసథం అనే వ్రతదినాన బ్రాహ్మణుడి వేషంలో ఇంద్రుడు భిక్షకు వస్తాడు. నీరుకుక్క చేపలు తెస్తుంది, కోతి మామిడిపళ్లు తెస్తుంది. పెట్టడానికి గడ్డి తప్ప ఏమీ లేని కుందేలు తన ఒంటినే ఆహారంగా ఇస్తానని మంటలోకి దూకుతుంది. దూకేముందు బొచ్చు దులుపుకుంటుంది, తనతో పాటు అందులోని పురుగులు కాలిపోకూడదని. ఇంద్రుడు మంటను చల్లబరిచి, దాని త్యాగం యుగాంతం దాకా గుర్తుండాలని చంద్రుడి మీద కుందేలు బొమ్మ గీస్తాడు. వెన్నెల రాత్రుల్లో అమ్మమ్మలు చూపించే చందమామలోని కుందేలు ఇదే. అందరూ త్యాగాన్ని గుర్తుపెట్టుకున్నారు. నిజానికి ఈ కథలో ఎక్కువసేపు ఆగి ఆలోచించాల్సిన చోటు ఆ బొచ్చు దులుపుకోవడమే.

జైనుల కథ ఇంకా గొప్పది. ఇది ఉన్నది జ్ఞాతాధర్మకథ అనే శ్వేతాంబర ఆగమంలో. రామతీర్థానికి వచ్చిన ఆచార్యుడు దిగంబర శాఖవాడు, కానీ కథ జైన లోకమంతటికీ పరిచయమే. అడవి తగలబడుతుంది. ఒక ఏనుగు ముందుచూపుతో చెట్టూ చేమా లేకుండా శుభ్రం చేసి ఉంచిన చదును నేలలోకి ప్రాణులన్నీ చేరి కిక్కిరిసిపోతాయి. ఒళ్లు దురదేసి ఏనుగు ఒక కాలు పైకెత్తుతుంది. ఆ ఖాళీలోకి ఒక కుందేలు దూరుతుంది. కాలు దించబోయిన ఏనుగు కిందికి చూసి ఆగిపోతుంది. రెండున్నర రోజులు మంట ఆరేదాకా కాలు ఎత్తే ఉంచుతుంది. ప్రాణులన్నీ వెళ్లిపోయాక కాలు దించుదామంటే అది కొయ్యబారిపోయి ఉంటుంది. కూలిపోయి ప్రాణం విడుస్తుంది. మరుజన్మలో శ్రేణిక మహారాజు కొడుకు మేఘకుమారుడుగా పుడుతుంది. కథ మొత్తంలో కుందేలు నోరు విప్పదు. కాపాడమని అడగదు, కాలి కింద ఉన్నానని అరవదు. దాని ప్రాణం నిలబడింది ఏనుగు దయ వల్ల మాత్రమే కాదు. కాలు దించే ముందు ఏనుగు కిందికి చూసింది. దయ ఆ తర్వాత వచ్చింది.

ఇంట్లో కుందేలును పెంచేవాళ్లకు కావలసిన ధర్మశాస్త్రం దాదాపుగా ఆ చూపులోనే ఉంది. ఎందుకంటే కుందేలు తన బాధ చెప్పదు.

కుక్కకు కడుపునొప్పి వస్తే మూలుగుతుంది. ఆవుకు దూడ దూరమైతే వీధంతా వినబడేలా అంబా అంటుంది. కుందేలు అందరికీ ఆహారమైన జంతువు. నేల మీద నక్క, కుక్క, ముంగిస, ఆకాశంలో డేగ. బాధగా ఉన్నట్టు పైకి కనిపించిన కుందేలునే వేటగాడు ముందు ఎంచుకుంటాడు. అందుకని బాధను దాచుకోవడం దాని జాతికి వేల తరాలుగా అబ్బిన విద్య. ఇళ్లలో పెంచే కుందేలు మన కొండల్లో తిరిగే చెవులపిల్లి కాదు. ఐరోపా నుంచి వచ్చిన వేరే జాతి. మన అడవి చెవులపిల్లి 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, పట్టి పెంచడం నేరం. సంతలో కొన్న తెల్ల కుందేలు ఎన్నో తరాలుగా బోనుల్లో పుట్టి పెరిగిందే అయినా నక్క భయం దాని ఒంట్లోంచి పోలేదు. బాగోలేనప్పుడు అది చేసేది ఒక్కటే, ఒక మూలకు పోయి ముడుచుకుని కూర్చోవడం. "ఇయ్యాల అల్లరి చెయ్యకుండా బుద్ధిగా ఉంది" అనుకుంటారు ఇంట్లోవాళ్లు.

మౌనం అర్ధాంగీకారం అన్న సామెత మనుషుల మధ్య కూడా ఎంతోమందికి అన్యాయం చేసింది. కుందేలు విషయంలో అది ప్రాణం తీస్తుంది.

అలాగని కుందేలు అసలేమీ చెప్పదనుకోవడమూ తప్పే. దాని మాటలు తక్కువ, వినే పద్ధతి వేరు. రాత్రి పూట గూట్లోంచి దబ్‌మని చప్పుడు వస్తే అది వెనక కాలితో నేలను కొట్టిందన్నమాట. సొరంగాల్లో గుంపులుగా బతికే కుందేళ్లు ప్రమాదం పసిగట్టగానే నేల అదిరేలా కొట్టి తోటివాటిని హెచ్చరిస్తాయి. ఇంట్లో హెచ్చరించడానికి తోటి కుందేలు లేకపోయినా అది ఆ పని మానదు. పిల్లి వాసన తగిలినా, గూడ్సు బండి వెళ్తూ నేల అదిరినా, దీపావళి టపాసు పేలినా కొడుతుంది. ఒక్కోసారి గంటల తరబడి కొడుతూనే ఉంటుంది. అర్ధరాత్రి ఇలా కొట్టే కుందేలుకు గాలి సోకిందని, దిష్టి తగిలిందని భయపడేవాళ్లున్నారు. అది చూసింది దెయ్యాన్ని కాదు. బహుశా ప్రహరీ మీద నడిచిన పిల్లిని. దానికి కావలసింది దిష్టి తీయడం కాదు, గూటికి ఒక పక్క గుడ్డ కప్పి, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పెట్టడం.

పళ్ల చప్పుడు ఇంకా చిక్కైన సంగతి. తల నిమురుతుంటే కుందేలు పళ్లు సన్నగా, తేలిగ్గా ఆడిస్తుంది. దవడ కంపిస్తున్నట్టు చేతికి తెలుస్తుంది. అది హాయి. అదే కుందేలు ఒళ్లు దగ్గరికి ముడుచుకుని, కళ్లు సగం మూసి, దూరానికి వినబడేలా కటకటా పళ్లు కొరికితే అది తీవ్రమైన నొప్పి. పళ్లు అవే, దవడ అదే, అర్థాలు మాత్రం ఉత్తర దక్షిణాలు. చప్పుడు ఒక్కటే వింటే తేడా తెలియదు. ఒళ్లంతా చూడాలి, మేత గిన్నె చూడాలి, గూట్లో పెంటికలు చూడాలి. కుందేలు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలి అరగదీసుకోకపోతే అవి వంకర తిరిగి నాలుకనూ బుగ్గనూ కోస్తాయి. క్యారెట్, బిస్కెట్, అన్నం పెట్టి ముద్దుగా పెంచిన కుందేలు ఒకరోజు గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, తినకుండా వెనక్కి పోతుంది. "మారాం చేస్తోంది" అంటారు. అది మారాం కాదు, నోటిలో పుండు.

గుర్రుమని ముందు కాళ్లతో మీదికి దూకితే కోపం, ముఖ్యంగా గూట్లో చెయ్యి పెట్టినప్పుడు. ఎదిగిన మగ కుందేలు మనిషి కాళ్ల చుట్టూ గిరగిరా తిరుగుతూ ముక్కుతో సన్నగా చప్పుడు చేయడం జోడు కోరుకోవడం. గడ్డం కింద గ్రంథులుంటాయి కనుక కుర్చీ కాలికీ తలుపుకూ గడ్డం రుద్ది తన ఎల్లలకు గుర్తు పెడుతుంది. ఇవన్నీ తేలిగ్గానే తెలుస్తాయి. ఎప్పటికీ వినకూడని శబ్దం ఒకటుంది. చావు కళ్ల ముందు కనిపించినప్పుడో భరించలేని నొప్పిలోనో కుందేలు పసిపిల్లలా కీచుమని అరుస్తుంది. జీవితమంతా నోరెత్తని ప్రాణి అలా అరవడం విన్నవాళ్లు చాలా కాలం మరిచిపోలేరు. కుందేలు బాధపడుతోందని నమ్మడానికి ఆ అరుపు వినబడాలనుకునేవాడికి నమ్మకం కుదిరేసరికే ఆలస్యమైపోతుంది.

సంతోషం మాత్రం అది దాచుకోదు. ఉన్నట్టుండి గాలిలోకి ఎగిరి, నడుం ఒక వైపు, తల ఇంకో వైపు తిప్పి, దిగి, మళ్లీ పరుగు. మూర్ఛ వచ్చిందని మొదటిసారి చూసినవాళ్లు హడలిపోతారు. అది పట్టరాని ఉల్లాసం. ఇంకొకటి మరీ గాభరా పెడుతుంది. కూర్చున్న కుందేలు కొట్టేసినట్టు ఒక పక్కకు దభీమని పడిపోతుంది. "సచ్చిపోనాదేటి?" అని పరిగెత్తేవాళ్లుంటారు. దగ్గరికి వెళ్తే కళ్లు తిప్పి చూసి అలాగే పడుకుంటుంది. ఈ చోటు తనకు భద్రమని గట్టిగా నమ్మితే తప్ప కుందేలు అలా ఒళ్లు వదిలేయదు. వెల్లకిలా తిప్పితే భయంతో బిగుసుకునేదీ, తనంతట తాను పక్కకు పడి సేదతీరేదీ ఒకటే ప్రాణి. మనుషులు మొదటిదాన్ని సుఖమనుకుంటారు, రెండోదాన్ని చావనుకుంటారు.

తల్లి కుందేలు మీద పడే నింద ఇంకా పెద్దది. పిల్లలు పుట్టాక అది వాటి దగ్గర కూర్చోదు. పాలిచ్చేది రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ కొద్ది నిమిషాలు, ఎక్కువగా తెల్లవారకముందు. మిగతా సమయమంతా దూరంగా ఉంటుంది. రాతి గుండె తల్లి అని తిట్టి, పిల్లల్ని చేతుల్లోకి తీసుకుని ఆవుపాలు పట్టబోయి చంపేసుకున్న ఇళ్లున్నాయి. తల్లి దగ్గరుంటే దాని వాసన పట్టుకుని వేటజంతువు గూటికి వస్తుంది. దూరంగా ఉండటమే ఆ జాతిలో పిల్లల్ని కాపాడుకునే పద్ధతి. పిల్లల పొట్టలు గుండ్రంగా, ఒళ్లు వెచ్చగా ఉంటే తల్లి తన పని తాను చేస్తోందని అర్థం. మనకు తెలిసిన మాతృత్వం కొలబద్దతో కొలిస్తే అది పాపిష్టి తల్లి. దాని ప్రపంచంలో అదే ఉత్తమ మాత.

మరికొన్ని కూడా ఇలాంటివే. తన మెత్తటి పెంటికలను ఒళ్లు వంచి నేరుగా నోటితో అందుకుని తింటుంది. అసహ్యించుకుని కొట్టకూడదు, అందులోని పోషకాలు లేకపోతే దానికి ఆరోగ్యం నిలవదు. తిన్న ఆకుల రంగుల వల్ల మూత్రం ఒక్కోసారి ఎర్రగా వస్తుంది, ప్రతిసారీ అది రక్తం కాదు. ఎర్ర కళ్ల తెల్ల కుందేలు తల అటూ ఇటూ ఊపుతూ చూస్తుంటే పూనకం కాదు, చూపు మందగించి దూరాన్ని అంచనా వేసుకుంటోంది. కడుపు లేకుండానే ఆడ కుందేలు రొమ్ము మీది బొచ్చు పీక్కుని గూడు కట్టుకోవడమూ ఉంది. తల ఒక పక్కకు ఒరిగిపోయి అలాగే ఉండిపోతే మాత్రం అది జబ్బు. పసుపు రాసి దారం కట్టి కూర్చోకూడదు.

ఇన్ని గుర్తులు నేర్చుకున్నా ఒక తాత్త్విక సందేహం మిగిలే ఉంటుంది. ఇంకొకరి మనసును ఎవరూ కళ్లతో చూడలేరు. కుందేలు "భయపడింది" అనడం మన ఊహే కాదా? ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఈ ఒక్క ప్రశ్న మీదే సంతానాంతరసిద్ధి అనే చిన్న గ్రంథం రాశాడు. మూలం పోయి, టిబెటన్ అనువాదమే మిగిలింది. ఆయన చివరి రోజులు కళింగంలోని విహారంలో గడిచాయని టిబెటన్ చరిత్రకారులు చెబుతారు. అంటే ఈ నేలకు ఆయన మరీ పరాయివాడు కాదు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. నా మాటలకూ చేతలకూ ముందు నా మనసులో ఒక కదలిక ఉండటం నాకు తెలుసు. అలాంటి మాటలూ చేతలూ నావి కానివి ఎదుట కనిపించినప్పుడు, వాటి వెనక ఇంకో మనసు ఉందని అనుమాన ప్రమాణం, అంటే కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చుకునే పద్ధతి, చెబుతుంది. ఎదుటి మనిషికి మనసుందని తెలిసేది కూడా ఈ దారినే, వేరే దారి లేదు. కుందేలు దగ్గర మాట లేకపోవచ్చు. చేతలు పుష్కలంగా ఉన్నాయి.

ఈ అనుమానాన్ని కాదన్న చోట ఏం జరిగిందో చరిత్ర చూపించింది. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్ తాత్త్వికుడు దెకార్త్ జంతువులను యంత్రాలతో సమానం చేశాడు. ఆ చూపు ప్రయోగశాలల్లో చాలాకాలం నిలిచింది. 1944లో అమెరికా ఆహార, ఔషధ సంస్థలో పనిచేసే జాన్ డ్రేజ్, ఆయన సహచరులు ఒక పరీక్షా పద్ధతి ప్రకటించారు. సౌందర్య సాధనాలు, రసాయనాలు కంటికి ఎంత హాని చేస్తాయో చూడటానికి వాటిని కుందేలు కంట్లో వేసి రోజుల తరబడి గమనించడం ఆ పద్ధతి. కుందేలునే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. పెద్ద కళ్లు, తక్కువ కన్నీళ్లు, చవక, పట్టుకుంటే గొడవ చేయదు. దాని మౌనమే దానికి శత్రువైంది. 1980లో హెన్రీ స్పైరా అనే ఉద్యమకారుడు న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేయించి రెవ్లాన్ కంపెనీని నిలదీశాకే లోకం కదిలింది. భారతదేశం 2014లో సౌందర్య సాధనాల కోసం జంతువులపై పరీక్షలను నిషేధించింది, అలా పరీక్షించిన సరుకు దిగుమతినీ ఆపింది. మనం గర్వపడాల్సిన చట్టాల్లో ఇదొకటి.

అనుమానానికి ఇప్పుడు కొలతలూ వచ్చాయి. 2012లో బ్రిటన్ పరిశోధకులు కుందేలు ముఖంలో నొప్పిని చదివే ఒక పద్ధతి తయారుచేశారు. గుర్తింపు కోసం చెవుల మీద పచ్చబొట్టు పొడిచేటప్పుడు కుందేళ్ల ముఖాలను చిత్రించి, మత్తు పూత రాసినప్పటి ముఖాలతో పోల్చి చూశారు. నొప్పి ఉన్నప్పుడు కళ్లు చిన్నవవుతాయి, బుగ్గలు చదునవుతాయి, ముక్కు రంధ్రాలు కోసుగా మారతాయి, మీసాలు బిగుస్తాయి, చెవులు ముడుచుకుని వెనక్కి వాలతాయి. అరుపు లేదు, మూలుగు లేదు. ముఖం మాత్రం నిజం చెబుతూనే ఉంది, ఇన్నాళ్లూ చదివినవాళ్లు లేరు. అదే ఏడాది జూలైలో కేంబ్రిడ్జిలో సమావేశమైన నాడీ శాస్త్రవేత్తలు, చైతన్యానికి ఆధారమైన మెదడు వ్యవస్థలు మనిషికొక్కడికే సొంతం కావని, క్షీరదాలకూ పక్షులకూ ఉన్నాయని ప్రకటన చేశారు.

ఒక ఆక్షేపణ మాత్రం తీసిపారేయలేనిది. జంతువుకు మన భావాలు అంటగట్టడం కూడా ప్రమాదమే కదా? అవును. వెల్లకిలా పడుకున్న కుందేలు సుఖపడుతోందనుకోవడం, తల్లి కుందేలుకు జాలి లేదనుకోవడం ఆ తప్పే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు, మన బతుకులో చూసినదే దాని బతుకులోనూ ఉండాలని పట్టుబట్టడం అది. మనసే లేదన్న దెకార్త్, అచ్చం నా మనసే దానికీ ఉందనే పెంపకందారు, ఇద్దరూ కుందేలు వైపు చూడటం మానేసినవాళ్లే. ధర్మకీర్తి చూపిన దారి ఈ రెంటికీ భిన్నం. ఎదుట మనసు ఉందని ఒప్పుకోవాలి, అది ఎలాంటిదో దాని చేతల నుంచే ఓపికగా నేర్చుకోవాలి.

మరి ఆ పాప సంగతేమిటి? మొదటిసారి తిప్పినప్పుడు ఆమెది దోషం కాదు, కుందకుందుడి లెక్కలోనైనా పసిపిల్లను ఏమరుపాటు అని నిందించడం కుదరదు. బరువంతా పెద్దవాళ్ల మీద ఉంది. కుందేలు తనంతట తాను ఈ ఇంటికి రాలేదు. డబ్బిచ్చి తెచ్చారు. తెచ్చిన రోజే దాని గుర్తులు నేర్చుకునే బాధ్యత కూడా ఇంటికి వచ్చింది. నాకు తెలియదనడం ఒక రోజు చెల్లుతుంది, రెండు రోజులు చెల్లుతుంది. ఎనిమిది, పదేళ్లు బతికే ప్రాణిని పెట్టుకుని ఆర్నెల్ల తర్వాత కూడా అదే మాట అంటే అది అజ్ఞానం కిందికి రాదు, ఏమరుపాటే. ఏమరుపాటు హింసేనని ఈ కొండల మీది ఆచార్యుల సంప్రదాయం ఏనాడో తేల్చి చెప్పింది. ఆ తీర్పు కఠినంగా అనిపించవచ్చు. కానీ భయపడిందీ బాధపడిందీ కుందేలే కనుక ఆ కఠినత్వం న్యాయమైనదే.

ఉత్తరాంధ్ర ఎండాకాలంలో ఈ ఏమరుపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడిని చెవుల ద్వారానే ఎక్కువగా వదులుకుంటుంది. ముప్పై డిగ్రీలు దాటితే చాలు, దానికి కష్టమే. మే నెలలో రేకుల కప్పు కింద పెట్టిన బోను దానికి పొయ్యి. ఆ వేడిలో అది అరవదు, సాగిలపడి వేగంగా ఊపిరి పీలుస్తుంది. గూడు నీడకు మార్చాలి, తడిపిన గోనె పట్టా కట్టాలి, చెవులు తడిగుడ్డతో తుడవాలి. ఒంటి మీద చన్నీళ్లు గుమ్మరించకూడదు. మేతలో ముప్పాతిక పైగా గడ్డే ఉండాలి. వినాయకచవితికి ఏరుకొచ్చే గరిక దానికి మంచి ఆహారం. క్యారెట్ చిన్న ముక్క చాలు. ఎత్తుకునేటప్పుడు చెవులు పట్టి ఎత్తకూడదు, వెనక కాళ్లకు చెయ్యి ఊతంగా ఉంచాలి. దాని ఎముకలు పెళుసు, భయపడి గట్టిగా తన్నుకుంటే తన వెన్ను తానే విరుచుకోగలదు.

ఇలా శ్రద్ధ చూపాలనే చట్టం కూడా అంటుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మూడో సెక్షన్ ప్రకారం జంతువును దగ్గర పెట్టుకున్న ప్రతివాడూ దాని క్షేమానికీ, దానికి అనవసర బాధ కలగకుండా చూడటానికీ తగిన చర్యలన్నీ తీసుకోవాలి. కొట్టకపోతే సరిపోతుందని ఆ సెక్షన్ అనలేదు.

కుందేలు పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి, ఆగితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అది పన్నెండు గంటలుగా మేత ముట్టకపోయినా, గూట్లో పెంటికలు కనిపించకపోయినా రేపటిదాకా చూద్దామనుకోకండి. ఇంట్లో ఉన్న మనుషుల మందులు వేయకండి, అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ నోటి ద్వారా పడితే కుందేలు చచ్చిపోవచ్చు. దగ్గరలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెల్లిమర్ల ఉన్న జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఈ రాత్రి ఒకసారి గూడు దగ్గర కూర్చుని, కుందేలును ముట్టుకోకుండా పది నిమిషాలు దాని ముఖం, చెవులు, మేత గిన్నె చూడండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.